రేకుల ఇంటికి ఎన్ని నక్షత్రాలు?

ఫ్రిజ్ మీది నక్షత్రాలు లెక్కబెట్టి కొంటున్నాము. ఇండ్లకూ అలాంటి గుర్తింపును కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2019లో ప్రవేశపెట్టింది. నక్షత్రాలు తక్కువంటే ఆ ఇంటిని చల్లగా ఉంచడానికి కరెంటు ఎక్కువ కాలుతుందని అర్థం. ఆ లెక్కన సోమశిల రేకుల ఇండ్లకు ఒక్కటైనా దక్కడం అనుమానమే. మందపాటి గోడల మట్టి మిద్దె ఎండను ఆపేది. రేకు ఆ వేడిని నెత్తిన దించుతుంది, ఫ్యాను దానినే తిప్పుతుంది.

2023 నాటి రాష్ట్ర కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలకు తక్కువ స్థలంలోని ఇండ్లకు చల్లని కప్పును ఐచ్ఛికమని వదిలివేసింది. పెద్ద మేడలకు నిబంధన, పేదల రేకులకు వారి ఇష్టమా? ప్రభుత్వం పంచాయతీల ద్వారా వేసవికి ముందే కప్పులకు తెల్లసున్నం వేయించాలి. కరెంటు మిగులుతుంది, ముసలివారికీ పసిపిల్లలకూ నిద్ర పడుతుంది.