ముల్లు ఊగితే మీటరునే తప్పుపట్టొద్దు

వేసవిలో ఘాట్ రోడ్డు ఎక్కుతూ పొగలు కక్కి ఆగిపోయిన కారు తరచూ ముందే హెచ్చరించి ఉంటుంది. అంతకు కొద్ది రోజుల ముందు నుంచే డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు కాసేపు పైకి, కాసేపు కిందికి ఊగుతుంది. మీటరు పాడైందిలే అని యజమాని సరిపెట్టుకుంటాడు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కాకపోతే మాత్రం కొన్ని వందల రూపాయలతో తీరే పని సిలిండర్ హెడ్ వంకరపోయేదాకా వెళ్తుంది.

ఇంజన్ చుట్టూ తిరిగే నీరు, కూలెంట్ మిశ్రమం చిన్న కార్లలోనూ నాలుగైదు లీటర్లు ఉంటుంది. అంత ద్రవం క్షణంలో వేడెక్కి మరుక్షణం చల్లబడడం అసాధ్యం. తొలి పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ముల్లు ఉన్నట్టుండి గెంతితే ముందు తీగలను అనుమానించాలి. మెల్లగా పాకితే వేడి నిజంగానే మారుతోందని అర్థం. గతుకుల్లో గెంతితే సెన్సర్ తీగ వదులైనట్టే. ఒకే తీగ ఉండే పాత పద్ధతి సెన్సర్లలో ఆ తీగ బాడీకి తగిలితే ముల్లు పూర్తిగా వేడి వైపు వెళ్తుంది, తెగితే చల్లదనం వైపు పడిపోతుంది. పెట్రోలు ముల్లు కూడా దాంతోపాటే ఊగుతుంటే మీటరు వెనుక వోల్టేజి రెగ్యులేటరునో, ఎర్త్ కనెక్షన్‌నో చూడాలి.

అయితే దీనికో మినహాయింపు ఉంది. కూలెంట్ తగ్గి గాలి చేరితే సెన్సర్‌కు ఒకసారి ద్రవం, మరోసారి ఆవిరి తగులుతాయి. అప్పుడూ ముల్లు గెంతుతుంది. అందుకే తీగలు విప్పే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడడం తప్పనిసరి. పైసా ఖర్చు లేని ఈ పరీక్షనే చాలామంది మరిచిపోతారు. మట్టం పదేపదే తగ్గుతుంటే హోస్ పైపులు, వాటర్ పంపు, రేడియేటర్ అంచుల్లో కారుడు వెతకాలి.

ముల్లు ఎప్పుడు లేస్తుందన్నది తర్వాతి ప్రశ్న. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లేచి, కారు కదలగానే దిగితే దోషం ఫ్యానుది, లేదా దాని రిలే, స్విచ్‌లది. హైవేపై వేగంగా వెళ్లేటప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే లేస్తే రేడియేటర్ పూడుకుపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, వాటర్ పంపు అరగడం వంటివి కారణాలు. ఎంత దూరం నడిపినా ముల్లు పైకి రాకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని అనుమానించాలి.

థర్మోస్టాట్‌ను పరీక్షించడానికి పెద్ద షెడ్డు అక్కర్లేదు. దాన్ని విప్పి, గిన్నెలో నీళ్లలో వేలాడదీసి థర్మామీటరు పెట్టి కాచాలి. దానిపై 82 అనో, 88 అనో ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, చల్లారితే మూసుకోవాలి. మన మెకానిక్‌లు కొందరు 'ఎండల దేశంలో ఇదెందుకు' అంటూ దాన్ని తీసి పారేస్తారు. అలా చేస్తే ఇంజన్ కావలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. పైగా అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంటే అది అక్కడే ఉండిపోతుంది.

రేడియేటర్ మూతను కూడా చిన్నచూపు చూడకూడదు. 0.9 బార్ అని రాసిన మూత ఒత్తిడిని నిలిపితే నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. దాని రబ్బరు ఎండిపోతే 100 డిగ్రీలకే ఆవిరి మొదలవుతుంది. బోరు నీళ్లు పోసే అలవాటు మరో శత్రువు. ఆ నీటిలోని లవణాలు లోపల తెల్లటి పొరగా పేరుకుని సన్నని గొట్టాలను పూడ్చేస్తాయి. కంపెనీ సూచించిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడాలి. నింపాక హీటర్‌ను వేడి వైపు తిప్పి, ఇంజన్ నడిపి గాలి బుడగలు పోనివ్వాలి.

ఇవన్నీ బాగున్నా ముల్లు ఊగుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. కారుడు కనిపించకుండానే కూలెంట్ తగ్గడం, రేడియేటర్‌లో ఆగని బుడగలు, సైలెన్సర్ నుంచి విడవని తెల్లపొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం దాని లక్షణాలు. ఆ దశలో కారు నడపడమంటే ఇంజన్‌ను పణంగా పెట్టడమే.

కొత్త కార్లు చాలావాటిలో ముల్లే లేదు, ఎర్ర దీపమే దిక్కు. ముల్లు ఉన్న కొత్త మోడళ్లలోనూ చిన్నచిన్న మార్పులు కనిపించకుండా దాన్ని మధ్యలోనే నిలిపే ఏర్పాటు ఉంటుంది. అలాంటి కారులో అది కదిలిందంటే విషయం ముదిరినట్టే. దారిలో ముల్లు ఎరుపు వైపు వెళ్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. వేడి మీద మూత తెరిస్తే మరిగే నీరు ముఖంపైకి చిమ్ముతుంది. కాలుతున్న ఇంజన్‌పై చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం పగలవచ్చు. కనీసం అరగంట ఓపిక పట్టడం వీటన్నిటికంటే చవకైన రిపేరు.