రాత్రివేళ సేద్యము



గడచిన వేసవి సెలవులకు మా పెద్దవాడు ఇంజనీరింగు కళాశాల హాస్టలు నుండి ఇంటికి వచ్చెను. ఒక రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత వాని గదిలో మాటలు వినబడగా మేము తలుపు దగ్గర ఆగితిమి. "లేదురా, ఇవాళ కూడా ఫార్మింగే. ఇంకెన్ని రోజులు పడుతుందో తెలియదు" అని ఎవరితోనో చెప్పుచుండెను. మేము రైతు కుటుంబములో పుట్టినవారము. ఫార్మింగు అనగా సేద్యమని మాకు తెలియును. వీనికి ఎన్నడు లేనిది వ్యవసాయము మీద మనస్సు కలిగినదా అని ఆశ్చర్యపడి లోపలికి తొంగి చూచితిమి. కంప్యూటరు తెర మీద రెక్కలు గల ఎర్రని మృగమొకటి నోట నిప్పులు కక్కుచుండెను. మా వాని బొమ్మ తనంత పొడవైన కత్తి పట్టుకొని దాని తోక వెంట పరుగెత్తుచుండెను. అదీ ఆ సేద్యము.

మూడు రాత్రులు ఓపిక పట్టితిమి. నాలుగవ రాత్రి పన్నెండున్నరకు లేచి పోయి "ఇక చాలు, ఆపు" అంటిమి. "ఒక్క నిమిషం నాన్నా, ఒక్కటంటే ఒక్క నిమిషం" అనెను. ఆ నిమిషము సంగతి ప్రతి తల్లికి, ప్రతి తండ్రికి తెలిసినదే గనుక మేము గోడ దగ్గరకు పోయి స్విచ్చి కట్టివేసితిమి. తెర నల్లబడెను. వాడు అరవలేదు, ఎదురు చెప్పలేదు. కుర్చీలో అట్లే కూర్చుండిపోయెను. ఆ తరువాత నాలుగు దినములు మాతో మాటలాడలేదు. భోజనమునకు మేము పిలిచిన, జవాబు తల్లికే చెప్పెను.

అయిదవ దినమున వాని తల్లి మమ్మును అడిగినది: "మీరు ఆ రాత్రి ఏం ఆపారో అసలు మీకు తెలుసాండీ?" నిజమునకు మాకు తెలియదు. ఆ సాయంకాలము వాని ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండి, "అది ఏమి ఆటో మాకు చెప్పు" అంటిమి. వాడు మొదట నమ్మలేదు. తరువాత ఒక గంటసేపు చెప్పెను.

ఆ ఆట పేరు 'మాన్‌స్టర్ హంటర్: వరల్డ్'. కాప్‌కామ్ అను జపాను దేశపు కంపెనీ ఈ ఆటల వరుసను 2004లో మొదలుపెట్టినది. మా వాడు ఆడుచున్నది 2018లో వెలువడినది. ఆ ఒక్క ఆటయే లోకమంతట 2 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఇందులో ఆటగాడు వేటగాడు. నలుగురు వరకు కలిసి ఒక మృగము మీదికి పోవచ్చును. ఒక వేటకు సాధారణముగా 50 నిమిషములు గడువు. అందరు కలిసి మూడుసార్లు స్పృహ తప్పి పడిపోయినచో వేట పోయినట్టే.

మాకు కొత్తగా తోచిన సంగతి ఒకటి కలదు. ఎన్ని వేటలు గెలిచినను ఆ వేటగాని దేహమునకు బలము పెరుగదు. వాని బలమంతయు వాడు పట్టిన ఆయుధములో, తొడిగిన కవచములో ఉన్నది. అవి చేయించుకొనుటకు మృగముల పొలుసులు, చర్మము, గోళ్లు, ఎముకలు కావలెను. ఒకే పొలములో మరల మరల పంట తీసినట్లు ఒకే మృగమును మరల మరల వేటాడి ఆ సరుకు కూర్చుకొనుటకే వారు ఫార్మింగు అని పేరు పెట్టుకొన్నారు.

ఆ ఎర్రని మృగము పేరు రాథలోస్. దాని పొలుసులు ప్రతి వేటలో దొరకును. దాని కెంపు మాత్రము బహు అరుదు. వాడు చేయించుకొనదలచిన కత్తికి ఆ కెంపు ఒకటి కావలెను. మృగము కూలిన తరువాత కళేబరము నుండి మూడుసార్లు సరుకు కోసికొనవచ్చును. పోరాటములో తోకను నరికినచో దాని నుండి వేరుగా ఒకసారి కోసికొనవచ్చును. తోకలో కెంపు దొరకు అవకాశము నూటికి సుమారు మూడు. కళేబరములో అంతకంటె తక్కువ. అందుకే వాడు ఎప్పుడు చూచినను తోక వెంట పడుచుండెను.

ఇక ఆ "ఒక్క నిమిషము" సంగతి. మృగము కూలిన తరువాత సరుకు కోసికొనుటకు ఆట ఇచ్చునది సరిగా ఒక నిమిషమే. అది ముగిసి వేటగాండ్రు విడిదికి తిరిగి వచ్చిన తరువాతనే దొరికినది వారి లెక్కలో నిలుచును. ఆ రాత్రి 41వ వేటలో తోక కోయగా కెంపు దొరికినది. మేము స్విచ్చి కట్టినది ఆ నిమిషములోనే. వాడు అడిగిన నిమిషము నిజముగా ఒక నిమిషమే.

మాకు సిగ్గు కలిగినది. "తప్పు మాదే" అని వానితో చెప్పితిమి. అయితే సంభాషణ అంతటితో ముగియలేదు.

"నూటికి మూడు అంటే ముప్పది మూడు వేటలకు ఒకటి తప్పక రావలెను గదా" అని మేము అంటిమి. వాడు కాగితము మీద లెక్క వేసి చూపెను. తోక ఒక్కదానినే లెక్కించినచో, 33 సార్లు కోసినను ఒక్క కెంపు కూడ దొరకనివారు నూటికి సుమారు 37 మంది ఉందురు. 100 సార్లు కోసినను ఉత్తచేతులతో ఉండువారు నూటికి దాదాపు అయిదుగురు. ఏలయనగా ప్రతి తోకకు లెక్క మొదటి నుండి ప్రారంభమగును. నలువది వేటలు పోయినవి గదా అని 41వ వేట జాలిపడదు. జపాను ఆటగాండ్రు దీనికి నవ్వుచు ఒక పేరు పెట్టిరి: 'బుత్సుయొకు సెన్సర్', అనగా మన ఆశను పసిగట్టు యంత్రము. నీకు ఏది కావలెనో అది తెలిసికొని దానినే ఇవ్వదట. అట్టి యంత్రము ఏదియు లేదు, ఉన్నది లెక్క మాత్రమే. అయినను కోరినవాని మనస్సుకు అట్లే తోచును.

"అటువంటప్పుడు ఎందుకు ఆపవు?" అని అడిగితిమి. "నలభై వేటలు వేశాక ఎలా ఆపను నాన్నా? అవన్నీ వృథా అయిపోవూ?" అనెను.

ఆ మాట మాకు పాతది. అప్పుడు వానికి ఎన్నడును చెప్పని సంగతి చెప్పితిమి. వాని తాతగారు మా మెట్టపొలములో మూడు బోర్లు వేయించిరి. మూడింటను దుమ్మే లేచినది. "మూడు పోయినవి గనుక నాలుగవది తప్పక పడును, ఇప్పుడు ఆపితే పెట్టినదంతా వృథా" అని ఒక ఎకరము అమ్మి నాలుగవది వేయించిరి. అందులోను నీళ్లు పడలేదు. ఆ రాత్రి గట్టు మీద కూర్చున్న మా తండ్రిగారి ముఖము మాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఎండిపోయిన మూడు బోర్లు నాలుగవదానికి ఒక్క చుక్క నీరు కూడ చేర్చలేదు. కరవు ప్రాంతములలో ఇటువంటి ఇండ్లు ఎన్నియో మన పాఠకులకు తెలియును.

మా వాడు చాలసేపు మాటలాడలేదు. తరువాత "తాతయ్య ఎకరం పోయింది. నాకు నిద్రే గదా పోయింది" అనెను. "నీ సెలవులు కూడ" అని వాని తల్లి అన్నది.

ఇట్టి ఆశకు మనుష్యులే కాదు, పక్షులును లోబడును. అమెరికా శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్, ఫెర్‌స్టర్ అను మరియొకరితో కలిసి పావురముల మీద చేసిన పరిశోధనలను 1957లో గ్రంథముగా వెలువరించెను. మీటను ముక్కుతో పొడిచినప్పుడు ఎన్నవసారికి గింజ వచ్చునో తెలియనట్లు ఏర్పాటు చేసినచో పావురము ఆగక పొడుచును. గింజలు ఇచ్చుట మానినను చాలసేపు మానదు. "ఈసారి రావచ్చును" అను తలంపు అంత గట్టిది.

అయితే న్యాయముగా చెప్పవలెను. ఆ నలువది వేటలలో మిగిలినది ఏమియు లేదనుట సరికాదు. మొదట రాథలోస్‌ను కూల్చుటకు 40 నిమిషములు పట్టెడిదట, ఇప్పుడు 15 చాలును. అది ఎప్పుడు ఎగురునో, ఏ కాంతిగుండుతో నేలకు దించవలెనో, ఎవరు తోక దగ్గర నిలువవలెనో నలుగురు స్నేహితులు నేర్చుకొనిరి. నేర్పు కూడుచు వచ్చును, అదృష్టము కూడదు. వానికి మేము చెప్పిన మాట ఇంతే. ఆ ఆటలో కెంపును డబ్బుకు అమ్మరు. కాని కొన్ని ఇతర ఆటలలో, లోపల ఏమున్నదో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్ముదురు. బెల్జియం దేశపు జూద నియంత్రణాధికారులు 2018లో అట్టి వాటిని జూదమని తేల్చిరి.

తరువాత ఒక ఒప్పందము చేసికొంటిమి. రాత్రికి రెండు వేటలు, తొమ్మిదిన్నరకు మొదలు. "దొరికితే ఆపుతా అనకూడదు నాన్నా, ఎన్ని వేటలో ముందే అనుకోవాలి" అని వాడే చెప్పెను. మేము స్విచ్చి ముట్టకూడదు. ఇది ఇరుపక్షములు నిలుపుకొన్నవి.

తల్లిదండ్రులకు మూడు మాటలు. మొదట, మీ బిడ్డ ఆ ఆటలో ఏమి వెదకుచున్నాడో ప్రక్కన కూర్చుండి అడుగుడి. తెలియక ఆపినది మరల అతుకుట కష్టము. రెండవది, అందులో డబ్బు పెట్టుచున్నాడా అని విచారించుడి. మూడవది, హద్దును గడియారముతో గాక వేటల లెక్కతో పెట్టుడి. నడుమ ఆపిన వేట మరునాటికి రెండగును. ఆట మీద అదుపు తప్పి, చదువు, తిండి, స్నేహము అన్నియు వెనుకబడి, నష్టము కనబడుచున్నను మానలేని స్థితి సాధారణముగా ఒక సంవత్సరముపాటు నిలిచినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని రుగ్మతగా గుర్తించినది. 2022 జనవరి 1 నుండి అది వారి వ్యాధుల పట్టికలో అమలులోనున్నది. అట్లయినచో కోపముతో కాదు, వైద్యుని సహాయముతో పోవలెను.

సెలవులు ముగియుటకు మూడు దినముల ముందు మా గది తలుపు తట్టిన చప్పుడైనది. "నాన్నా, వచ్చింది" అనెను. అది 63వ వేట. పోయి చూచితిమి. తెర మీద చిన్న ఎర్రని గుర్తు, అంతే. "ఇక అయిపోయినట్టేనా?" అని అడిగితిమి. "కత్తి అయిపోయింది. కవచానికి ఇంకోటి కావాలి" అని నవ్వెను. మేమును నవ్వితిమి.

ఆ రాత్రికి ఇంకొక వేట మిగిలియుండెను. వాడు ఆడుచుండగా మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. అందులో ఏమియు దొరకలేదు. వాడే లేచి స్విచ్చి కట్టెను.