గొర్రె మీద నేరం మోపే ముందు

పోయిన సెమిస్టర్‌లో పర్యావరణం మీద ఒక ప్రజెంటేషన్ చూశాను. ఒక స్లయిడ్‌లో గొర్రె బొమ్మ, దాని నోట్లోంచి పచ్చ పొగ, కింద "మీథేన్ ఫ్యాక్టరీ" అని రాసి ఉంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

మాది కొమురవెల్లి. సంక్రాంతి తర్వాత మల్లన్న జాతర మొదలైతే, పట్నం వారం నాడు మా ఊళ్లో కాలు పెట్టడానికి చోటుండదు. గొర్రెల కాపరుల దేవుడి ఊరు మాది. మా తాత ఇప్పటికీ గొర్లు కాస్తాడు, నా ఫీజులో కొంత ఆ మందలోంచే వస్తుంది. కాబట్టి ఈ వ్యాసం పక్షపాతంతో రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నా. ఇంకో ఒప్పుకోలు: ఇంగ్లీషు మీడియం పుణ్యమా అని నాకు "రూమెన్" అనే మాట ముందు తెలిసింది, "నెమరు" తర్వాత తెలిసింది.

స్లయిడ్ మీద కోపంతో మీథేన్ గురించి చదవడం మొదలుపెడితే, గొర్రె దగ్గర బయల్దేరి బంగాళాఖాతం అడుక్కి చేరాను. 2006లో జోయిడెస్ రెజల్యూషన్ అనే ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రపు అడుగు మట్టిని తవ్వింది. నీటి లోతు వెయ్యి మీటర్లు దాటిన ఒక చోట, దాదాపు 130 మీటర్ల మందాన, మట్టి పగుళ్లలో గ్యాస్ హైడ్రేట్ దొరికింది. అంటే మీథేన్‌ని లోపల బంధించుకున్న మంచు. అగ్గిపుల్ల గీస్తే మండే మంచు. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. మన హైదరాబాద్‌లోనే, ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐలో, దీని మీద ఏళ్లుగా పని జరుగుతోంది. ఇంటర్ చదివేటప్పుడు ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో, లోపల ఏం చేస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు.

నాకు బాగా నచ్చింది ఆ మంచు కాదు, దాని గురించి వాళ్లు అడిగిన ప్రశ్న: ఈ గ్యాస్‌ని తయారుచేసింది ఎవరు?

దారులు రెండున్నాయి. ఒకటి, చాలా లోతులో వేడికి పాత సేంద్రియ పదార్థం ఉడికి గ్యాస్ అవ్వడం. కోనసీమ బావుల్లో ప్రధానంగా వచ్చేది అదే. 1995లో పాశర్లపూడిలో బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది కదా, ఆ గ్యాస్. రెండోది, గాలి తగలని చల్లటి మట్టిలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు తయారుచేసేది. ఈ జీవులు తేలికైన కార్బన్-12ని ఇష్టంగా వాడతాయి, బరువైన కార్బన్-13ని చాలావరకు వదిలేస్తాయి. అందుకే వాటి మీథేన్‌లో ఐసోటోపు లెక్క సాధారణంగా మైనస్ 60 కంటే కిందికి పోతుంది. వేడికి పుట్టిందైతే సుమారు మైనస్ 50కి, మైనస్ 20కి మధ్య ఉంటుంది. పైగా వేడి గ్యాస్ ఒంటరిగా రాదు, ఈథేన్, ప్రొపేన్ అనే తోబుట్టువులను వెంటబెట్టుకొస్తుంది. కేజీ బేసిన్ హైడ్రేట్‌లో ఉన్నది దాదాపు అంతా మీథేనే, కార్బనూ తేలికే. అంటే అది సూక్ష్మజీవుల పని.

ఇంత సులువా అంటే కాదు. అడుగు మట్టి పై పొరల్లో సల్ఫేట్ సాయంతో మీథేన్‌ని తినే జీవులు వేరే ఉన్నాయి. అవీ తేలికైనదే ముందు తింటాయి. మిగిలింది బరువెక్కి, వేడికి పుట్టిన గ్యాస్ లాగా కనిపిస్తుంది. మన సీఎస్‌ఈ వాళ్లకి అర్థమయ్యేలా చెప్తే ఇది గిట్ బ్లేమ్ లాంటిది. ఆ లైన్‌ని చివరగా ముట్టుకున్నవాడి పేరు చూపిస్తుంది గానీ బగ్ పెట్టినవాడి పేరు కాదు. అందుకే వాళ్లు ఒక్క అంకె చూసి ఊరుకోరు, ఈథేన్ నిష్పత్తి, హైడ్రోజన్ ఐసోటోపులు, మట్టి రేణువుల మధ్య నీళ్లు అన్నీ కలిపి చూస్తారు.

ఇప్పుడు మళ్లీ గొర్రె దగ్గరికి వద్దాం. ఆ స్లయిడ్‌లోని అంకె ఎలా వచ్చిందో వెతికాను. ఐపీసీసీ ప్రాథమిక పద్ధతిలో మనలాంటి దేశాల గొర్రె ఒక్కోటి ఏడాదికి 5 కిలోల మీథేన్ వదులుతుందని అనుకుంటారు. దాన్ని తలల సంఖ్యతో గుణించారు, అంతే. సముద్రపు బురదకి ఓడతో వెళ్లి అన్ని పరీక్షలు చేశాం. తాత మందకి ఒక్క గుణకారం!

2007 నుంచి గాలిలో మీథేన్ మళ్లీ పెరుగుతోంది, దాని కార్బన్ తేలికవుతోంది కూడా. జీవుల వాటా పెరిగిందని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. కానీ జీవులంటే గొర్రెలు ఒక్కటేనా? చిత్తడి నేలలు, చెరువు బురద, వరి మడి, డంప్‌యార్డు అన్నీ ఆ లెక్కలోవే. వీటి ఐసోటోపు గుర్తులు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. మేత మారితే గొర్రె గుర్తు కూడా మారుతుంది. జొన్న చొప్ప తిన్నదాని మీథేన్, వరిగడ్డి తిన్నదాని కంటే బరువుగా ఉంటుంది, ఎందుకంటే ఆ రెండు మొక్కలు కార్బన్‌ని పట్టుకునే పద్ధతే వేరు.

గొర్రె మీథేన్ వదలదని నేను అనట్లేదు. వదులుతుంది. కానీ 2017లో ఇదే జిల్లాలో మొదలైన పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు తీసుకున్న మనిషిని రేపు ఎవరైనా "నీ వల్లే" అంటే, ఆ మాట వెనక గుణకారం కాదు, కొలత ఉండాలి. మన క్లబ్‌లో బయోటెక్ వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, మినీ ప్రాజెక్టుకి ఇంకో అటెండెన్స్ యాప్ బదులు, మా దిక్కు మందలు ఏ నెలలో ఏం మేస్తాయో డేటా తయారుచేద్దామా? మంద నేను చూపిస్తా.

దసరా సెలవుల్లో తాతకి ఇదంతా చెప్పాను. గొర్రె కడుపులో కార్బన్ డయాక్సైడ్‌నీ హైడ్రోజన్‌నీ కలిపి మీథేన్ చేసే జీవుల బంధువులే సముద్రం అడుగునా అదే పని చేస్తున్నాయన్నాను.

"అక్కడ ఏం మేస్తయి రా?" అన్నాడు.

సముద్రంలో చచ్చిన జీవులు, కృష్ణ, గోదావరి మోసుకొచ్చిన మట్టిలోని ఆకూ అలమూ అని చెప్పాను. మా దిక్కు వాన నీళ్లు ఏ వాగులో పడ్డా ఆ రెండిట్లో ఒకదానికి చేరాల్సిందే కదా.

తాత కాసేపు ఆలోచించి, "అయితే మనయి తినంగ మిగిలింది అవి మేస్తున్నయన్నమాట" అని కర్ర తీసుకుని లేచాడు.