చంపారన్ వందేళ్ళ పండగలో రైతు ఏమయ్యాడు?



పోస్టు పొడుగే. పొలం పని అయ్యాక, తిన్నాక, నిదానంగా చదవండి.

2028లో బార్డోలీ సత్యాగ్రహానికి వందేళ్ళు నిండుతాయి. రైతుల మీద పెంచిన శిస్తుకు ఎదురు తిరిగిన ఉద్యమం అది. మళ్ళీ ఫ్లెక్సీలు కడతారు, సభలు పెడతారు, రైతే రాజు అంటారు. ఆ సభల్లో కుర్చీలు నింపడానికి మనల్నే పిలుస్తారు. అందుకే ఇంతకుముందు మన పేరు మీద జరిగిన పండగ ఒకటి ఏం మిగిల్చిందో ఇప్పుడే లెక్క చూసుకోవాలి. 2017 ఏప్రిల్ నుంచి 2018 ఏప్రిల్ దాకా దేశమంతా చేసిన చంపారన్ సత్యాగ్రహ శతాబ్ది ఉత్సవాలు గుర్తున్నాయా?

నా మాట మొదటే చెప్పేస్తా. ఆ పండగ గాంధీని ఉంచుకుంది, రైతును తీసేసింది.

ముందు అసలు కథ. చంపారన్ బీహార్‌లో ఉంది. అక్కడి రైతు తన భూమిలో ఇరవై కట్టాలకు మూడు కట్టాలు తెల్లదొర కోసం నీలిమందు వేయాలి. తీన్‌కఠియా అనేవాళ్ళు. మన లెక్కలో ఎకరానికి ఆరు కుంటలు, అంటే 15 సెంట్లు. ఏ చెక్కలో వేయాలో దొర మనిషే చూపిస్తాడు, ధర దొరే కడతాడు. తర్వాత జర్మనీ నుంచి కృత్రిమ రంగు వచ్చింది, నీలిమందు ధర పడిపోయింది. దొర ఏం చేశాడు? "సరే, నీలిమందు వేయొద్దు, విడుదల చేస్తాను. దానికి డబ్బు కట్టు" అన్నాడు. ఆ డబ్బును తావాన్ అన్నారు. లేనివాడి దగ్గర వడ్డీతో కాగితం రాయించుకున్నారు. ఇంకొన్ని చోట్ల శిస్తు పెంచారు. మార్కెట్‌లో నష్టం వ్యాపారిది, కట్టింది రైతు. ఇది ఎక్కడో విన్నట్టుంది కదా?

అది చాలదని చిల్లర పన్నులు. దొర ఏనుగు కొంటే రైతు మీద పన్ను, గుర్రం కొంటే పన్ను, మోటారు కారు కొంటే పన్ను. నవ్వొస్తుంది. నవ్వే ముందు మన కల్లంలో తేమ పేరుతో, తాలు పేరుతో బస్తాకు ఎన్ని కిలోలు కోస్తున్నారో, యార్డులో మచ్చు పేరుతో ఎన్ని కాయలు తీస్తున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు 1916 డిసెంబరులో లక్నో కాంగ్రెస్ సభకు వెళ్ళి గాంధీని పట్టుకున్నాడు. వచ్చేదాకా వదల్లేదు. 1917 ఏప్రిల్‌లో గాంధీ మోతీహారీ చేరాడు. జిల్లా వదిలి పొమ్మని నోటీసు ఇచ్చారు. పోనన్నాడు. 18న కోర్టులో నిలబడి, ఆజ్ఞ మీరిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం కేసు వాపసు తీసుకుంది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూడండి. బల్ల వేయించి, వకీళ్ళను కూర్చోబెట్టి, రైతులు చెప్పింది రాయించాడు. రాజేంద్ర ప్రసాద్ లాంటి పేరున్న వకీళ్ళు గుమాస్తాల్లాగా కూర్చుని రాశారు. ఒక్కొక్క రైతును గుచ్చి గుచ్చి అడిగారు, నిలబడని మాట పక్కన పెట్టారు. సీఐడీ మనిషి అక్కడే కూర్చుని చూస్తుంటే, వేల మంది తమ మాట చెప్పి వేలిముద్ర వేశారు.

జూన్‌లో ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. రైతుల తరఫున గాంధీని సభ్యుడిగా తీసుకోక తప్పలేదు. 1918 మార్చికి చట్టం వచ్చింది. తీన్‌కఠియా పోయింది, పెంచిన శిస్తు కొంత తగ్గింది, తావాన్‌లో నాలుగో వంతు రైతుకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. నాలుగో వంతే, నిజమే. అప్పటికీ చాలామందికి అది తక్కువనిపించింది. కానీ రైతు దగ్గర గుంజుకున్న డబ్బును దొర తిరిగి ఇవ్వడం అక్కడ ఎవరూ చూడలేదు.

1917 ఏప్రిల్ నుంచి 1918 మార్చికి పదకొండు నెలలు. ఈ పదకొండు నెలలు గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు వందేళ్ళ పండగకు వద్దాం. 2017 ఏప్రిల్ 10న ఢిల్లీలో, జాతీయ పురాతన పత్రాల భవనంలో ప్రధాని ప్రదర్శన ప్రారంభించారు. దాని పేరు "స్వచ్ఛాగ్రహ". సత్యాగ్రహంలో సత్యం తీసి స్వచ్ఛం పెట్టారు. తపాలా బిళ్ళలు వేశారు. ఏడాది తిరిగాక 2018 ఏప్రిల్ 10న మోతీహారీలో ముగింపు సభ. దేశం నలుమూలల నుంచి వేలమంది స్వచ్ఛాగ్రహులు వచ్చారు. కొత్త రైలుకు చంపారన్ పేరు పెట్టి జెండా ఊపారు. బీహార్‌లో అంతకుముందు ఒక్క వారంలోనే ఎనిమిదిన్నర లక్షల మరుగుదొడ్లు కట్టామని ఆ సభలో ప్రధాని చెప్పారు.

ఆ లెక్క నిజమా కాదా అని అప్పుడే వాదన జరిగింది. ఆ వాదన నాకొద్దు. నేనడిగేది వేరే. వారంలో ఎన్ని దొడ్లు కట్టారో లెక్కపెట్టగలిగిన సర్కారు, ఆ మోతీహారీ చెరకు రైతుకు రావాల్సిన బాకీ ఎంతో అదే సభలో ఎందుకు చెప్పలేదు?

ఎందుకడుగుతున్నానంటే, 2017 ఏప్రిల్ 10నే, ఢిల్లీలో ప్రదర్శన మొదలైన ఆ రోజే, మోతీహారీలో ఇద్దరు కార్మికులు ఒంటికి నిప్పంటించుకున్నారు. ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న చక్కెర మిల్లు వాళ్ళది. తమ జీతం బాకీలు, రైతుల చెరకు బాకీలు ఇప్పించమని అడిగి అడిగి ఆ పనికి దిగారు. ఇద్దరూ చనిపోయారు. సత్యాగ్రహం పుట్టిన ఊళ్ళో, వందేళ్ళు నిండిన రోజుల్లో జరిగిన సంగతి ఇది.

అదే రోజు ఢిల్లీలో ఇంకేం జరుగుతోంది? ప్రదర్శన పెట్టిన భవనానికి నడిచి వెళ్ళేంత దూరంలో, జంతర్ మంతర్ దగ్గర తమిళనాడు రైతులు పుర్రెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. కరువు సాయం ఇవ్వండి, అప్పు మాఫీ చేయండి అని. నలభై రోజులు కూర్చున్నారు. గాంధీ బొమ్మ చూడటానికి వెళ్ళిన దారిలోనే గాంధీ పద్ధతి కూర్చుని ఉంది. ప్రధాని పలకరించలేదు.

మన దగ్గరికి రండి. అదే ఏప్రిల్ 28న ఖమ్మం మిర్చి యార్డు. ముందు ఏడాది పది, పన్నెండు వేలు పలికిన క్వింటా మూడు నాలుగు వేలకు పడింది. కడుపు మండింది, యార్డు ఆఫీసు పగిలింది. మే నెలలో పదిమంది రైతులను చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. చంపారన్ కోర్టులో గాంధీని నిలబెట్టిన తెల్లవాడు కూడా ఆయనకు బేడీలు వేయలేదు. జూన్ 6న మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో ధర అడిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, రైతులు చనిపోయారు.

ఇవన్నీ పండగ ఏడాదిలోనివే. రైతు పోరాటానికి దండ వేసిన ఏడాదిలోనే రైతు చేతికి బేడీ, ఛాతీలో తూటా. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెట్టినట్టుంది.

కొందరు మిత్రులు అంటారు: "మరుగుదొడ్డి మంచిదే కదా? గాంధీ కూడా చంపారన్‌లో శుభ్రత పని చేశాడు కదా?" రెండూ నిజమే. మరుగుదొడ్డి మీద నాకే కోపమూ లేదు, మన ఆడవాళ్ళకు అది ఎంత అవసరమో నాకు తెలుసు. గాంధీ బడులు పెట్టించాడు, ఊళ్ళు ఊడిపించాడు, మందులు ఇప్పించాడు. కానీ ఎప్పుడు? 1917 నవంబరులో. కమిటీ నివేదిక వచ్చాక. ముందు శిస్తు, తర్వాత చీపురు. పండగ చేసినవాళ్ళు రెండో అధ్యాయం ఉంచుకుని మొదటి అధ్యాయం చింపేశారు.

ఆ రెండో అధ్యాయంలో కూడా ఒక సంగతి ఉంది. గాంధీ తన ఆత్మకథలోనే రాశాడు. భితిహర్వా దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్ళ బట్టలు మాసి ఉంటే, ఎందుకు ఉతుక్కోరో అడగమని కస్తూర్బాను పంపాడు. ఒకామె కస్తూర్బాను గుడిసెలోకి తీసుకెళ్ళి చూపించింది. పెట్టె లేదు, ఇంకో బట్ట లేదు. ఒంటి మీదున్న చీర ఒక్కటే. ఉతికితే కట్టుకునేదేది? అంటే శుభ్రత గురించి అడగబోయినా తేలింది పేదరికమే. స్వచ్ఛాగ్రహ బోర్డుల మీద రాయాల్సింది ఆ ఆడమనిషి జవాబు.

ఇప్పుడు పదకొండు నెలల లెక్కకు వద్దాం. మొదటిసారి, పరాయి ప్రభుత్వం కింద, పదకొండు నెలల్లో విచారణ జరిగింది, చట్టం వచ్చింది, డబ్బు కొంత తిరిగొచ్చింది. వందేళ్ళ తర్వాత, మన ప్రభుత్వం కింద, పన్నెండు నెలల్లో ప్రారంభ సభ అయింది, ముగింపు సభ అయింది. రైతులు ఊరుకున్నారా అంటే లేదు. 2017 నవంబరులో ఢిల్లీలో కిసాన్ ముక్తి సంసద్ పెట్టి రుణ విముక్తికి ఒకటి, గిట్టుబాటు ధర హక్కుకు ఒకటి, రెండు బిల్లులు రాసుకున్నారు. 2018లో మహారాష్ట్ర ఎంపీ రాజు శెట్టి వాటిని లోక్‌సభలో ప్రైవేటు బిల్లులుగా పెట్టారు. అవి చట్టాలు కాలేదు. చంపారన్‌కు నిజమైన స్మారకం కట్టాలనుకుంటే రాయి, సిమెంటు అక్కర్లేదు, ఆ రెండు బిల్లుల మీద నిజాయితీగా చర్చ చాలు. పార్టీ పేరు చూసి ఈ మాట అనడం లేదు. ఢిల్లీలో ఉన్నది ఒక పార్టీ, ఖమ్మంలో బేడీలు పడ్డప్పుడు ఇక్కడ ఉన్నది ఇంకో పార్టీ. ఏ జెండా అయినా దండ వేయడంలో ముందుంటుంది.

మరి ఏమీ మిగల్లేదా? ఒకటి మిగిలింది. అది సభల్లోది కాదు. ఆనాడు రైతులు చెప్పి వేలిముద్ర వేసిన వాంగ్మూలాలు. షాహిద్ అమీన్, త్రిదీప్ సుహృద్, మేఘా తోడి వాటిని పుస్తకంగా కూర్చారు, "థంబ్ ప్రింటెడ్" పేరుతో మొదటి సంపుటి 2022లో వచ్చింది. తపాలా బిళ్ళ అతికించడానికి, రైలు ఎక్కడానికి. ఈ కాగితాలు మాత్రం రైతు నోటి మాట. నా దగ్గర ఇంత గుంజారు, నా చేను ఇలా పోయింది అని పేరు పెట్టి చెప్పిన మాట. దొరలు పోయారు, నీలిమందు పోయింది, వేలిముద్ర నిలిచింది.

మనం నేర్చుకోవాల్సింది అదే. రేపు ఎవరైనా మన ఊరికి బల్ల వేసుకుని వచ్చి "నీ గోడు చెప్పు, ఆధారం చూపించు" అంటే మన దగ్గర ఏముంది? విత్తనాల బిల్లు పారేస్తాం. తక్‌పట్టీ జేబులో తడిసిపోతుంది. అడ్తి దగ్గర బాకీ ఆయన పుస్తకంలోనే ఉంటుంది, మన పుస్తకంలో ఉండదు. కౌలు రైతుకైతే నోటి మాట తప్ప కాగితమే లేదు. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చినప్పుడు దున్నేవాడిని వదిలి పట్టా ఉన్నవాడికే ఇచ్చారంటే, దున్నేవాడి పేరు ఏ కాగితం మీదా లేకపోవడం కూడా ఒక సాకు అయింది.

అందుకని నేను చెప్పేది మూడు పనులు.

ఒకటి. ఇంటికొక నోటుబుక్కు. విత్తనం నుంచి అమ్మకం దాకా ఖర్చు, కూలి, తరుగు, ధర, తేదీతో రాయండి. బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టండి, ఫోన్లో ఫొటో తీసుకోండి. మీకు రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి.

రెండు. సీజన్ అయిపోగానే ఊళ్ళో పదిమంది కూర్చుని ఆ లెక్కలన్నీ ఒక్కచోట చేర్చండి. కౌలు రైతును, మహిళా రైతును తప్పకుండా పిలవండి. అబద్ధం కలపొద్దు. నిలబడని మాటను గాంధీ దగ్గరి వకీళ్ళే పక్కన పెట్టారు, మనమూ అంతే.

మూడు. ఆ లెక్కను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎమ్మెల్యే ఊళ్ళోకి వస్తే దండతో పాటు ఆ కాగితం కూడా చేతిలో పెట్టండి.

బార్డోలీ రైతులు 1928లో చేసిందీ ఇలాంటిదే. 22 శాతం పెంచిన శిస్తు మీద విచారణకు పట్టుబట్టారు. విచారణలో లెక్కలు తేలాక ఆ పెంపు ఆరు శాతం దగ్గరికి దిగింది. వందేళ్ళ సభకు మనల్ని పిలిచినప్పుడు వెళ్దాం, తప్పేం లేదు. కానీ వట్టి చేతులతో వెళ్ళొద్దు. ఊరి లెక్క పట్టుకుని వెళ్దాం, వేదిక మీద ఉన్నవాళ్ళను అది చదివి వినిపించమందాం.

ఈ సీజన్ నుంచే మొదలుపెట్టండి. ఫోన్ లేని పెద్దవాళ్ళకు ఈ పోస్టు చదివి వినిపించండి.

జై కిసాన్.