క్లచ్‌లో గాలి చేరితే...

క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతోందా? గేరు పడనంటూ కరకరమంటోందా? వెంటవెంటనే నాలుగుసార్లు తొక్కితే కాస్త గట్టిపడుతోందంటే, గొట్టంలో గాలి చేరి ఉండొచ్చు. ఫ్లూయిడ్ నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. మీరు తొక్కే బలం బుడగలకే సరి! (కేబుల్ క్లచ్ కార్లకు ఈ గొడవ లేదు.)

గాలి తీయడానికి ఇద్దరుండాలి. ఒకరు సీట్లో, ఒకరు గేర్‌బాక్స్ దగ్గరుండే నిపుల్ దగ్గర. నిపుల్‌కి లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొసను కాస్త ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచండి. పెడల్ పూర్తిగా తొక్కి పట్టాక నిపుల్ వదులు చేస్తే బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోయి పని మొదటికొస్తుంది. పెడల్ పైకి రాకపోతే చేత్తో లేపండి. బుడగలు ఆగేదాకా ఇదే వరస. కారు కిందికి దూరాల్సొస్తే ఒక్క జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

అసలు జాగ్రత్త బానెట్ కింద ఉంది. చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేకుకీ ఒకటే డబ్బా. అది అడుగంటితే బ్రేకుల్లోకీ గాలి పోవచ్చు! నాలుగైదుసార్లకోసారి చూసి నింపుతుండండి. మూతమీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, ఆ రకమే, అదీ కొత్త సీసాలోది పోయాలి. ఎప్పుడో తెరిచినదైతే తేమ పీల్చుకుని ఉంటుంది. బాడీమీద చుక్క పడినా పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగండి.

కొన్నాళ్లకే పెడల్ మళ్లీ మెత్తబడితే ఎక్కడో సీలు పోయినట్లే. అది మెకానిక్ పని.