తూకానికి వేసేముందు...

మా పుట్టింటి పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చారు. తెనాలిలో ఇప్పుడిది వింతేమీ కాదు. ఇల్లు ఖాళీ చెయ్యాలంటే ముందు అటక ఖాళీ చెయ్యాలి కదా! పోయిన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని నేనూ వెళ్లాను. అటకమీంచి ఏమేం దిగాయో రాస్తే ఈ పేజీ చాలదు. ఊరగాయ జాడీలు, ఇత్తడి గుండిగలు, గొలుసు తెగిన ఉయ్యాల బల్ల, నా డిగ్రీ పుస్తకాలు. అన్నిటికన్నా ఆఖరున తమ్ముడు రెండు చేతులా పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ దింపింది అమ్మమ్మ చేతి మిషను.

కాలితో తొక్కే మిషను కాదండీ. పైన గుమ్మటంలాంటి చెక్క మూత, మూతకో పిడి, పక్కన తాళం, లోపల నల్లటి సింగరు, కుడివైపు చేత్తో తిప్పే చక్రం. ఎత్తుకెళ్లి ఏ గదిలో కావాలంటే ఆ గదిలో, చాపమీద పెట్టుకుని కుట్టుకోవచ్చు. ఇప్పటి మాటల్లో పోర్టబుల్ అన్నమాట.

పాత సామాన్లు కొనేవాడు గుమ్మంలోనే ఉన్నాడు. "వదినా, ఇది కూడా వేసేద్దామా? చక్రం అస్సలు తిరగట్లేదు" అంది మా మరదలు. మంచిపిల్లే, పని తెమలాలన్న తొందర తప్ప ఏ దురుద్దేశమూ లేదు. అతను చెక్క పక్కన పెట్టి కాటా వేశాడు. 11 కిలోలు. కిలో 30 చొప్పున 330 రూపాయలు. "చెక్కకేం రాదమ్మా" అని ముందే చెప్పేశాడు.

ఆ పదకొండు కిలోల ఇనుమే మా అమ్మనీ, ఇద్దరు మావయ్యల్నీ పెంచింది. తాతయ్య పోయేనాటికి అమ్మమ్మకి 26 ఏళ్లు. ఊళ్లో ఒక దర్జీ దగ్గర అప్పటికే పాతబడ్డ ఆ మిషన్ని నెలకింతని ఇచ్చేట్టు మాట్లాడుకుని తెచ్చుకుందట. పగలంతా జాకెట్లు, లంగాలు. పెళ్లిళ్ల రోజులొస్తే అర్ధరాత్రి దాకా కిరసనాయిలు దీపం ముందు. అమ్మ స్కూలు నుంచి వచ్చి కాజాలు కుట్టేది. "నాతోపాటు కళ్లు పోగొట్టుకున్నావు, ఇది నీదేనే" అని అమ్మమ్మ బతికుండగానే ఆ మిషను అమ్మకిచ్చేసింది.

సెంటిమెంటు గురించి రాస్తుందేమో అనుకోకండి. నాకు సెంటిమెంటు లేకపోలేదుగానీ, ఇవాళ రాయదలచుకున్నది ధర గురించి. నాకు తెలిసినంతలో మన ఇళ్లలో ధర కట్టకుండా పారేసే వస్తువుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతిలో అరిగినవే. రోళ్లు, తిరగళ్లు, మిషన్లు. నాన్నగారి పాత స్కూటరుంటే అమ్మేముందు నలుగుర్ని అడుగుతారు. మిషనుకి కాటా సరిపోతుంది!

ఆ పూటకి నేను అడ్డంపడి ఆపాను. ఆపాను కాబట్టి ధర తేల్చే బాధ్యతా నామీదే పడింది. హైదరాబాదులో పాత వస్తువుల వ్యాపారి ఒకాయనకి ఫోటో పంపాను. వస్తువు చూడకుండానే 9 వేలిస్తానన్నాడు. "తిరగట్లేదండీ" అన్నాను నిజాయితీగా. "ఫర్లేదు మేడం, తిరగక్కర్లేదు. కాఫీ షాపులవాళ్లు అద్దాల్లో పెట్టుకుంటారు" అన్నాడు. బ్రిటన్‌లో ఆల్‌సెయింట్స్ అనే బట్టల కంపెనీ తన షాపుల అద్దాలనిండా పాత కుట్టు మిషన్లు వరసలు వరసలుగా పేర్చి పేరు తెచ్చుకుంది. ఆ మోజు మనదాకా వచ్చిందన్నమాట. తొక్కుడు మిషను కాళ్లమీద గాజుపలక వేసి భోజనాల బల్ల చేసుకున్నవాళ్లని మీరూ చూసే ఉంటారు. తప్పనను. కానీ "తిరగక్కర్లేదు" అన్న మాట నాకెందుకో గుచ్చుకుంది.

న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఈ సంగతి చెబితే అక్క పగలబడి నవ్వింది. అక్కడ బొంతలు కుట్టే ఆడవాళ్ల బృందంలో తనూ చేరింది. వాళ్లందరికీ సింగరు ఫెదర్‌వెయిట్ అంటే ప్రాణమట. పేరుకి తగ్గట్టు ఈకలాంటి మిషను. ఒళ్లంతా అల్యూమినియం, బరువు దాదాపు 5 కిలోలు. ముందు పలక పైకి మడిచి, నల్లపెట్టెలో పెట్టి చేత్తో పట్టుకుపోవచ్చు. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. చాలావాటిని తయారుచేసిన ఎలిజబెత్ ఫ్యాక్టరీ న్యూజెర్సీలోనే ఉండేది, 1982లో మూతపడింది. ఇప్పటికీ మంచి స్థితిలో ఉన్నదానికి కొన్ని వందల డాలర్లు పెడతారు. తెలుపు, లేత ఆకుపచ్చ రంగువైతే ఇంకా ఎక్కువ. చికాగో ప్రదర్శన గుర్తో, 1939 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన గుర్తో ఉన్న బిళ్ల మిషనుమీద ఉందంటే వేలంపాటే!

"అయితే మన అమ్మమ్మది కూడా...?" అని ఆశగా అడిగాను. "అంత లేదమ్మా" అంది అక్క. మనది 99కె అనే రకం. పోత ఇనుము. అలాంటివి కంపెనీ లెక్కలేనన్ని చేసింది, అమెరికాలో వాటికి ఫెదర్‌వెయిట్ ధరలో చిన్న వాటా కూడా రావడం కష్టమట. పాతదైనంత మాత్రాన అరుదైనది అయిపోదు, ఇది నాకు కొత్త పాఠం. అక్కడ ఫెదర్‌వెయిట్‌కి ధర పలికేది పాతదని కాదు, ఇప్పటికీ దానిమీద కుట్టేవాళ్లున్నారు కనక. తిన్నని కుట్టు ఒక్కటే వేస్తుంది, కానీ ఆ ఒక్క కుట్టూ కొత్త ప్లాస్టిక్ మిషన్లకన్నా చక్కగా వస్తుందని వాళ్ల పట్టుదల. (ముచ్చటపడి ఇండియాకి తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. అమెరికాలో అమ్మినవాటి మోటారు 110 వోల్టులది. మన ప్లగ్గులో నేరుగా పెట్టారో, ముచ్చట అక్కడితో సరి.)

ధర అన్నది ఎంత పిచ్చిదో చెప్పడానికి ఇంకో సంగతి. 2009లో సౌదీ అరేబియాలో ఒక పుకారు పుట్టింది. పాత సింగరు మిషన్లలో ఎర్ర పాదరసం ఉంటుందనీ, అది నిధుల జాడ చెబుతుందనీ, జిన్నుల్ని పిలుస్తుందనీ. సెల్‌ఫోను మిషను దగ్గర పెడితే సిగ్నల్ పోతే అందులో ఉన్నట్టేనట! ఒక్కో మిషనుకి 2 లక్షల రియాళ్లదాకా అడిగారని పత్రికల్లో వచ్చింది. చివరికి పోలీసులు రంగంలోకి దిగాల్సొచ్చింది. మిషనులో పాదరసమూ లేదు, పాడూ లేదు. దానిమీద నడుం వంచి సంసారాలు ఈదినంతకాలం ఎవరికీ కనపడని విలువ, లేని పాదరసం వల్ల వచ్చిపడింది. మన దగ్గర కూడా "పాత సింగరు ఉందా, లక్షలిస్తాం" అని ఎవరైనా ఫోను చేస్తే, ముందు ఖర్చులకని డబ్బడిగితే, తలుపేసుకోండి.

సరే, మీ అటకమీద ఒకటుందనుకోండి. ఏం చూడాలి? కుడివైపు చక్రం కింద, అడుగు పలకమీద అక్షరాలూ అంకెలూ చెక్కి ఉంటాయి. అంకెలముందు వై అన్న ఒక్క అక్షరం ఉంటే 1921 - 35 మధ్య స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైందని లెక్క. ఇ తో మొదలయ్యే రెండక్షరాలుంటే 1935 తరవాతది, అదే ఫ్యాక్టరీ. మన దేశానికొచ్చిన సింగర్లలో ఎక్కువ అక్కడివే. 99కెలో ఆ కె కూడా ఆ ఫ్యాక్టరీ ఉన్న కిల్బౌవీ పేరులోదే. 1980లో అదీ మూసేశారు. మీది 1930లలో కలకత్తాలో మొదలైన ఉషా అయితే చిన్నబుచ్చుకోకండి, దానికి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, అదో లాభం.

చక్రం తిరగకపోతే మిషను చచ్చిందని కాదు. చాలావాటికి పట్టిన జబ్బు కొబ్బరినూనె. మిషన్ ఆయిల్ అయిపోయినప్పుడు వంటింట్లోంచి రెండు చుక్కలు పోస్తాం చూడండి, అది ఏళ్లు గడిచి జిగురులా గట్టిపడుతుంది. మా ఊళ్లో రిపేరు చేసే పెద్దాయన కీలుకీలుకీ కిరసనాయిలు చుక్కలేసి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్న ఇంకోసారి వేసి, తుడిచి, మిషన్ ఆయిల్ పోసి తిప్పితే... టకటకటకా అంది! బాబిన్ చుట్టే దగ్గర రబ్బరు రింగు మార్చాడు. మొత్తం 500 తీసుకున్నాడు. సూది మామూలు షాపులో దొరికేదే సరిపోయింది. బాబిన్ మాత్రం వేరే రకం, అందుకని డబ్బాలో ఉన్న నాలుగు పాత బాబిన్లూ పారెయ్యకండి. ఇంకోటి, మెరుపొస్తుందని స్పిరిట్‌తో తుడవకండి. బంగారు రంగు పువ్వులు గుడ్డకి వచ్చేస్తాయి.

తిరిగే మిషను ఎవరికన్నా ఉపయోగపడుతుందని మా వీధిలో జాకెట్లు కుట్టే అమ్మాయిని పిలిచి చూపించాను. చాలా మర్యాదగా చెప్పింది. "బాగుంది ఆంటీ. కానీ కుడిచెయ్యి చక్రానికే పోతే జాకెట్టు మెడ తిప్పుకునేదెట్లా? పీకో కూడా రాదు దీనిమీద. రోజుకి ఆరు జాకెట్లు కాకపోతే నాకు గిట్టదు." నా ఉత్సాహంమీద చెంబుడు నీళ్లు పోసింది. నిజమే. యంత్రాలంటే గిట్టని గాంధీగారు సైతం 1924లో కుట్టు మిషన్ని మాత్రం మినహాయించారు. అయినా ఎడమచేత్తో గుడ్డ సర్దుకుంటూ కుడిచేత్తో చక్రం తిప్పిన మా అమ్మమ్మకి గూడ నెప్పి చచ్చేదాకా వదల్లేదు. బతకడానికి కుట్టేవాళ్లకి మోటారు మిషనే ఇవ్వాలి. చేతి మిషను మనలాంటి వాళ్లకి. దిండు గలీబులు, పిల్లల నిక్కరు చిరుగులు, కరెంటు పోయిన మధ్యాహ్నాలు.

ఇంతా చేసి నేనొక తప్పు చేశాను. కాటావాణ్ణి ఆపాను, వ్యాపారినడిగాను, అక్కనడిగాను, టైలరమ్మాయినడిగాను. మిషను సొంతదారునడగలేదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో 14వ సెక్షనుంది. స్త్రీ చేతిలోని ఆస్తి, అది స్థిరమైనా చరమైనా, కానుకగా వచ్చినా, కొనుక్కున్నా, తన నేర్పుతో శ్రమతో సంపాదించుకున్నా పూర్తిగా ఆమెదేనని అందులో రాసుంది. పొలాల దగ్గర, నగల దగ్గర ఆ సెక్షను గుర్తొస్తుంది మనకి. అటకమీది మిషను దగ్గర కొడుక్కీ గుర్తురాలేదు, కోడలికీ గుర్తురాలేదు. చదువుకున్న కూతురు, కథలు రాసే కూతురు, నాకూ గుర్తురాలేదు. అమ్మ ఆ మూడురోజులూ వంటింట్లో సామాను సర్దుకుంటూనే ఉంది.

వెళ్లి అడిగాను. "అమ్మా, నీ మిషను ఏం చేద్దాం?"

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. "దాచమను" అంటుందనుకున్నాను. ఏమీ లేదు. "అమ్మెయ్యండి. దానిముందు కూర్చునే మా అమ్మ నడుం పోగొట్టుకుంది, నేను చిన్నతనం పోగొట్టుకున్నాను. దాన్ని చూస్తే నాకేం ముచ్చటగా ఉండదు" అంది. నేను నోరు తెరిచేలోపు "కానీ 330కి కాదు" అంది.

హైదరాబాదు వ్యాపారితో ఫోనులో తనే మాట్లాడింది. "అద్దంలో పెట్టుకోడానికైతే 15 వేలు. ఎవరైనా ఆడపిల్ల కుట్టు నేర్చుకోడానికి అడిగితే 3 వేలు. డబ్బు నా చేతికివ్వాలి." ఆయన 11 దాకా వచ్చి ఆగిపోయాడు. అమ్మ దిగలేదు.

ప్రస్తుతం మిషను మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది, అమ్మది అని చీటీ అంటించి. మా అమ్మాయి ఏడో తరగతి. స్కూలు సంచీ పట్టీ ఊడిపోతే నిన్న దానిమీద తనే కుట్టుకుంది, కొంచెం వంకరగా. "3 వేలు అమ్మమ్మకి నేనే ఇస్తా, నెలకి వంద చొప్పున" అంటోంది. అమ్మని అడగాలి.