కత్తిరింపులోనే మాధుర్యం

నేడు చాలా చర్చిల్లో ఎలక్ట్రిక్ గిటారును స్పీకరు పెట్టె లేకుండా నేరుగా మిక్సర్‌కే కలుపుతున్నాం. డిస్టార్షన్ వేశామా, కందిరీగల రొదే! గిటారు పెట్టెలోని 12 అంగుళాల స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన కీచుదనాన్ని చాలావరకు బయటికి రానివ్వదు. పెట్టె లేని లోటు తీర్చేదే క్యాబినెట్ సిమ్యులేటర్ పెడల్. మిగతా పెడల్స్ అన్నీ దాటాక, మిక్సర్‌కు ముందు అది ఉండాలి. అది ధ్వనికి చేర్చేదానికన్నా తీసివేసేదే ఎక్కువ. మాధుర్యమంతా ఆ తీసివేతలోనే ఉంది.

ఫలించే తీగెను మరింత ఫలించేందుకే దేవుడు కత్తిరిస్తాడని యేసుప్రభువు బోధించాడు (యోహాను 15:2). శబ్దం పెంచడమే ఆరాధన కాదు. దావీదు సితారా వాయిస్తే కలత చెందిన సౌలు సేదతీరాడు (1 సమూయేలు 16:23). మన గిటారు విని ముందు వరుసలోని వృద్ధులు చెవులు మూసుకుంటే, గోడ అవతలి రోగికి నిద్ర పట్టకపోతే అదేం ఆరాధన? న్యాయం లేనివారి పాటలు తనకు రొదేనన్నాడు దేవుడు (ఆమోసు 5:23,24). అందుకే ఈ పెడల్‌కు పెట్టే ఖర్చు ఆడంబరం కాదు, పొరుగువారి చెవులపై చూపే ప్రేమ. గిటారుకు పెట్టిన ఆ జల్లెడనే మన నాలుకకూ పెట్టుకుందాం. అప్పుడే మన స్తుతి దేవునికీ, పొరుగువారికీ ఇంపుగా ఉంటుంది.